విపన్నుల ధనము నెవరిచేతి కీయవలయును?

(ఒక పఠనమందిర వార్షిక సభయందు చేసిన యుపన్యాసము)



సముద్రముల కావలనున్న దేశములలో భూకంపము, తుపాను, జలప్రళయము మున్నగు విపత్తులు సంభవించినపుడు అచటి విపన్నులకు తోడ్పడుటకై ఈ పఠనమందిర సభ్యులొక చిన్న నిధిని నెలకొల్ప సంకల్పించి, ఆ ధనమును ఎవరిచేతి కీయవలయునో విచారించి చెప్పుడని మమ్ము కోరినారు. ఈ ప్రశ్న పైకి చూచిన సులభముగా దోచును. పత్రికలో నొక ఛాయాచిత్రము చూచుదుము, మనసు కరగును, జేబులో చేయి పెట్టుదుము, దానితో మన ధర్మము తీరినదని తలంతుము. మా యనుభవమున నసలు చిక్కు దాని తరువాతనే మొదలగుచున్నది.

కొందరు మిత్రులు మొదటనే యొక యాక్షేపణ చేయుచున్నారు: "మన వీథిలోనే యన్నము లేనివారుండగా, పేరైనను నోరు తిరుగని దేశములకు ధనము పంపుట యేల?" ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. ఇంటిముందరి యాకలిని చూడనివాని దయ దూరదేశములకు పోయినను నమ్మదగినది కాదు. అయినను 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను హరించినపుడు, మన భాష యెరుగనివారును, మన యూళ్ల పేర్లు పలుకలేనివారును మనకు తోడ్పడిరి. మా వీథిలోని బీదతనము తీరిన పిమ్మట వత్తుమని వారును తలచియుండినచో మన గతి యేమయ్యెడిది? పుచ్చుకొన్నవారికి ఇచ్చు విధియు గలదు. కావున ఈయవలయునా యను ప్రశ్నను ఇంతటితో విడిచి, ఎట్లీయవలయునను ప్రశ్నకు వత్తము.

ఈ విషయమున మేము ఉపదేశకులముగా గాక, ఒకమారు పొరపడినవారముగా మాటలాడుచున్నాము. 2010వ సంవత్సరము జనవరి 12వ తేదీ సాయంకాలము హైతీ దేశమున గొప్ప భూకంపము సంభవించినది. మన సంక్రాంతి రెండు దినములలో నుండెను. పండుగ సెలవులైనంతనే మేమును, మరికొందరు యువ వకీళ్లును రసీదు పుస్తకము పట్టుకొని కోర్టు ఆవరణమున తిరిగితిమి. ప్లీడర్లు, గుమాస్తాలు, టైపిస్టులు, దస్తావేజు లేఖరులు తమకు తోచినంత యిచ్చిరి. ప్రహరీగోడ ప్రక్కను మజ్జిగ యమ్ముకొను ముసలమ్మ కొంగుముడి విప్పి పదిరూపాయల నోటు తీసి యిచ్చినది.

ఆ ధనమంతయు ఒక పెద్దసంస్థకు పంపితిమి. దాని పేరిచట నప్రస్తుతము. దానికే యేల పంపితిమనగా, దాని పేరు అందరికిని తెలిసినది గనుక. అంతకుమించి యొక్క విచారణయు చేయలేదు. రసీదు వచ్చినది. కొన్నినెలలకు నున్నని కాగితముపై రంగులబొమ్మలతో నొక చిన్నపుస్తకము వచ్చినది. అందు నవ్వుచున్న పిల్లల చిత్రములు గలవు; అంకెలు మాత్రము లేవు. రెండు జాబులు వ్రాసితిమి, ప్రత్యుత్తరము రాలేదు. మరుసటి సంక్రాంతికి ఆ ముసలమ్మ మమ్మాపి, "బాబూ, ఆ డబ్బు ఆళ్లకు చేరిందా?" యని యడిగినది. చిన్న దావాలోనైనను దస్తావేజు, సాక్ష్యము, వడ్డీలెక్క అన్నియు చూడనిదే సంతకము చేయని మేము ఆమెకు బదులు చెప్పలేక తలవంచుకొంటిమి. ఆ సిగ్గే మాచేత హైతీ వృత్తాంతమును చదివించినది.

హైతీ కరీబియను సముద్రమందలి హిస్పానియోలా ద్వీపముయొక్క పశ్చిమభాగము. ఫ్రెంచివారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచేత చెరకును, కాఫీని పండించి అపారధనము గడించిన వలసరాజ్యమది. 1791లో ఆ బానిసలు తిరుగబడిరి. టూసాన్ లూవెర్చ్యూరు, డెసలీను మున్నగువారి నాయకత్వమున పోరాడి, నెపోలియను పంపిన సేనలను గూడ నోడించి, 1804 జనవరి 1వ తేదీన స్వతంత్రులైరి. ఆ స్వాతంత్ర్యమునకు ఫ్రాన్సు వెల కట్టినది. 1825లో యుద్ధనౌకలను పంపి, తోటలును బానిసలును పోయిన తమ ప్రజలకు 15 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారము చెల్లింపుడని నిర్బంధించినది. 1838లో దానిని 9 కోట్లకు తగ్గించిరి. మా వృత్తిలో నష్టపడినవాడు వాది యగును. ఇచట దోచుకొన్నవాడే వాదియై డిక్రీ పుచ్చుకొనెను. ఆ పరిహారమునుబట్టి పెరిగిన ఋణములు తుదకు తీరినది 1947లో, అనగా మనము స్వతంత్రులమైన సంవత్సరమున. నడుమ 1915 మొదలు 1934 వరకు అమెరికా సేనలు ఆ దేశము నాక్రమించి యుండెను.

ఇట్టి దేశమున గట్టి కట్టడములును, చాలినన్ని ఆసుపత్రులును, బలముగల ప్రభుత్వమును లేకుండుటకు దైవమును నిందింపబనిలేదు. భూమి కంపించుట ప్రకృతి చేసిన పని. కంపించినపుడు అంతమంది మడియుటలో మనుష్యుల చేతయు గలదు. ఆ భూకంప తీవ్రత 7.0. దాని కేంద్రము రాజధానియగు పోర్ట్-ఓ-ప్రిన్సునకు పశ్చిమమున సుమారు 25 కిలోమీటర్ల దూరమున, లియోగాన్ పట్టణము చెంతనుండెను. రాష్ట్రపతి భవనము కూలెను. మంత్రిత్వశాఖల కార్యాలయములు పెక్కులు నేలమట్టమయ్యెను. ఐక్యరాజ్యసమితి దళముయొక్క ప్రధానస్థానమును కూలెను. ప్రభుత్వపు లెక్కనుబట్టి మృతులు 3 లక్షలకు మించిరి. ఇతరులు కట్టిన లెక్కలు ఇంతకంటె చాల తక్కువ. నిలువనీడ కోలుపోయినవారు సుమారు 15 లక్షలు.

లోకము కరగినది. అమెరికాలో సెల్‌ఫోనునుండి యొక చిన్నసందేశము పంపినంతనే 10 డాలర్లు చందాగా చేరు నేర్పాటు చేసిరి. ఆ విధముగనే 3 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా వచ్చినది. అమెరికా రెడ్‌క్రాసు సంఘము హైతీ పేర సేకరించినది దాదాపు 49 కోట్ల డాలర్లు. ఆ సంఘము 1 లక్ష 30 వేలమందికి నివాసము కల్పించితిమని ప్రకటించినది. 2015 జూనులో ప్రోపబ్లికా, నేషనల్ పబ్లిక్ రేడియో అను నచటి రెండు వార్తాసంస్థలు విచారించి, ఆ సంఘము కట్టించిన శాశ్వతగృహములు ఆరుమాత్రమేయని వెల్లడించినవి. తాత్కాలిక గృహములు, మరమ్మతులు, ఇంటి అద్దెకు సహాయము, గృహనిర్మాణమున శిక్షణ పొందినవారు, అందరును తమ లెక్కలో చేరినవారేయని సంఘము సమాధానము చెప్పినది. ఈ సమాధానమును మేము అసత్యమనము. కాని నివాసము కల్పించితిమను మాట వినిన దాత గోడలును పైకప్పును గల యిల్లు నూహించును. శిక్షణపొందిన మనుష్యు నూహింపడు. దాత యొకటి తలంపగా సంస్థ మరియొకటి లెక్కించిన, నమ్మకము చెడును.

ఇంతకంటెను విచారకరమైన సంగతి యొకటి గలదు. ఆ తొలికాలమున విదేశములిచ్చిన సహాయధనములో హైతీ ప్రభుత్వముచేతికి నేరుగా చేరినది నూటికి సుమారు ఒక వంతు. తక్కినదంతయు విదేశసంస్థల ద్వారమున నడచినది. ప్రభుత్వము దుర్బలమని, అవినీతిపాలైనదని కారణము చెప్పిరి. అందు కొంత నిజముండవచ్చును. కాని ఉద్యోగులను పోగొట్టుకొని, కార్యాలయములు కూలి నిలిచిన ప్రభుత్వమును ప్రక్కకు నెట్టి, దాని పనులన్నియు పరదేశీయులే చేసిన, అదెన్నడు బలపడును? నీకు పాలించుట చేతగాదని చెప్పి, నేర్చుకొను నవకాశమును లాగుకొనుట మనకు క్రొత్త వాదము గాదు. మన పెద్దలు దానిని చిరకాలము వినియుండిరి.

బియ్యము సంగతి చూడుడు. హైతీ రైతులు ఒకప్పుడు తమకు వలసిన బియ్యములో చాలభాగము తామే పండించుకొనెడివారు. 1990 తరువాతి దశాబ్దమున విదేశపు బియ్యముపై సుంకమును నూటికి 3కు తగ్గింపజేసిరి. అమెరికా ప్రభుత్వపు ప్రోత్సాహముతో పండిన చవుకబియ్యము దిగగా, హైతీరైతు పొలము విడిచి పట్టణపు మురికివాడ చేరెను. నాటి అధ్యక్షుడగు బిల్ క్లింటను 2010 మార్చిలో తమ దేశపు సెనేటు సంఘము నెదుట ఇది తన పొరబాటని యొప్పుకొనెను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవలదని మేమనము. కాని పంట యున్నచోటికి ఓడలతో ఉచితధాన్యము దింపిన, విపత్తు తప్పించుకొన్న రైతునకును విపత్తు తెచ్చినవారమగుదుము. ప్రక్కతాలూకాలో ధాన్యము గలదేని దానినే కొని పంచుట మేలు. వస్తువులు పంపు వేడుక గలవారికిని ఇదే జవాబు. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాటి నాగపట్టణ ప్రాంతమున దాతలు పంపిన పాతబట్టలు దారిప్రక్కల గుట్టలై పడియుండెను. వానిని కట్టుకొనుట తమకవమానమని బెస్తవారు ముట్టలేదు. ఆ బట్టల లారీకూలితో వారికి వలలు రాకపోవునా?

మూడవది కలరా. 2010 అక్టోబరులో మిరెబాలె సమీపమున నున్న ఐక్యరాజ్యసమితి శాంతిదళ శిబిరమునుండి మలినములు ఆర్తిబోనీత్ నదీజలముల కలిసి, అంతకుముందు నూరేండ్లుగా ఆ దేశమెరుగని వ్యాధి ప్రబలినది. సుమారు 8 లక్షలమంది జబ్బుపడిరి. పదివేలకు దగ్గరగా మరణించిరి. సమితి ప్రధానకార్యదర్శి బాన్ కీ మూన్ ఆ ప్రజలను క్షమింపుడని వేడినది 2016 డిసెంబరులో, ఆరేండ్లకు. సహాయమునకు వచ్చినవారును లెక్క చెప్పవలసినవారేయని దీనివలన తెలియుచున్నది.

ఇవి విని, ఇక నెవరికిని ఈయరాదని మీరు తలచినచో మా యుపన్యాసము వ్యర్థము. అదే హైతీలో ధనమును సార్థకము చేసినవారును గలరు. "సరిహద్దులు లేని వైద్యులు" అను సంస్థ భూకంపమునకు 19 ఏండ్ల పూర్వమునుండియే యచట పనిచేయుచుండెను. దాని ఆసుపత్రులే కూలిపోయినను, శిథిలముల ముంగిటనే గాయపడినవారికి చికిత్స మొదలుపెట్టినది. దాని గుడార ఆసుపత్రిని తెచ్చిన విమానమును అమెరికా సైనికుల యధీనమున నున్న విమానాశ్రయమున దిగనీయక ప్రక్కదేశమునకు మరలించినపుడు, సామగ్రిని రోడ్డుమీదుగా తెప్పించుకొనెను. ఇక "జాన్మీ లసాంతే" యను సంస్థ గలదు. డాక్టరు పాల్ ఫార్మరును, అతని మిత్రులును 1987లో స్థాపించిన సంస్థకు ఇది హైతీశాఖ; పేరునకు ఆరోగ్యమున మిత్రులని యర్థము. ఇందలి వైద్యులు, నర్సులు, గ్రామసేవకులు మిక్కిలిగా హైతీవారే. భూకంపానంతరము ఆ సంస్థ హైతీ ఆరోగ్యశాఖతో కలిసి మిరెబాలెలో 300 పడకల బోధనాసుపత్రిని కట్టి 2013లో తెరచినది. అచట హైతీ యువకులు వైద్యులుగా శిక్షణ పొందిరి.

ఈ రెండు తెరగుల సంస్థలను పోల్చిచూడగా దాత యడుగవలసిన ప్రశ్నలు తామే తేలుచున్నవి.

మొదటిది: ఆ సంస్థ విపత్తునకు పూర్వము అచట నుండెనా? శిథిలములక్రింద చిక్కినవానిని మొదటి గంటలలో వెలికిదీయువాడు పొరుగువాడే. భాష, దారి, మనుష్యులు తెలిసినవానికిచ్చిన రూపాయి యా దినముననే పనిచేయును. విమానము దిగి దారి యడుగువానికిచ్చినది యాలస్యమగును.

రెండవది: ఆ సంస్థ చాలునని చెప్పగలదా? 2004 సునామీ తరువాత కొలది దినములకే, తాము పైన చెప్పిన వైద్యుల సంస్థ, ఈ పనికి వలసినంత వచ్చినది, ఇక పంపవలదని బహిరంగముగా ప్రకటించినది. మిగిలినదానిని లోకమున మరచిపోయిన ఇతర విపత్తులకు వాడవచ్చునాయని దాతల నడుగగా, మిక్కిలిమంది సమ్మతించిరి. వలదను నోరుగల చేతికీయుడు. ఆ చేయి తనకొరకు చాచినది కాదు.

మూడవది: లెక్కయే భాషలో చెప్పును? ఇన్ని లక్షలమందికి చేయూత నిచ్చితిమనుట లెక్క కాదు. ఇన్ని యిండ్లు, ఇన్ని బావులు, ఇన్ని శస్త్రచికిత్సలు, ఇంత వ్యయము, ఇంత మిగులు అనుట లెక్క. ఈ విషయమున మన దేశచరిత్రలోనే యొక మేలుబంతి గలదు. 1934 జనవరి 15వ తేదీన బీహారు భూకంపము సంభవింపగా, రాజేంద్రప్రసాదుగారు చెరనుండి విడుదలయై సహాయసంఘము నడపిరి. దాని లెక్కలు చూచుటకు జె. సి. కుమారప్పగారు వచ్చిరి. సేవకుల భోజనవ్యయమును అణాలలో కట్టుదిట్టము చేసిన యా లెక్కరి, గాంధీమహాత్ముడు పరివారముతో నచటికి వచ్చినపుడును, వారి వ్యయము సహాయనిధినుండి యీయ వీలులేదని చెప్పెను. మహాత్ముడా నియమమును మన్నించెను. విపన్నుని కాసు మహాత్మునికైనను చెందదన్న యా కాఠిన్యమే ప్రజల నమ్మకమునకు పునాది.

ఇచట నొక హెచ్చరిక. నూటికెన్ని వంతులు పరిపాలనవ్యయమను నొక్క అంకె చూచి సంస్థను నిర్ణయింపకుడు. లెక్కరిని నియమించుటయు, బండి నడపువానికి జీతమిచ్చుటయు వ్యయమే, దొంగతనము కాదు. ఒక సంస్థ తన వ్యయము స్వల్పమని చెప్పి, ధనమును మరియొక సంస్థకు అప్పగింపగా, అదియు తన వంతు వ్యయము తీసికొనవచ్చును. ఎన్ని చేతులు మారినదో యడుగుడు.

నాలుగవది: పని యెవరిచేత చేయించును? ఆ దేశపు మేస్త్రిచేతను, ఆ దేశపు నర్సుచేతను, ఆ దేశపు రైతు ధాన్యముతోను చేయించునా? సహాయము ముగిసి విదేశీయులు వెడలిన మరునాడు అచట నేమి నిలుచునో యదియే నిజమైన దానఫలము. 2021 ఆగస్టు 14వ తేదీన హైతీ దక్షిణభాగమున 7.2 తీవ్రతగల మరియొక భూకంపము వచ్చి 2,200 మందికి పైగా మరణించినపుడు, ఈసారి ధనము స్థానికసంస్థలకే యీయుడని హైతీవారనేకులు లోకమును కోరిరి. స్వరాజ్యమును కోరి పోరాడిన జాతి ఈ కోరికను గ్రహింపకుండునా?

ఐదవది కాలము. అందరును మొదటివారముననే యిత్తురు; పత్రికలు మరచిన పిమ్మట నెవ్వరు నీయరు. హైతీ గుడారములలో జనులు సంవత్సరములకొలది పడియుండిరి. కావున మన నిధిలో సగము విపత్తు సంభవించినపుడును, సగము దాని సంవత్సరీకమునాడును ఇచ్చుట యుక్తము. అప్పటికి ఎవరు నిలిచిరో, ఎవరు వెడలిరో తెలియవచ్చును.

ఇక చట్టమును గూర్చి రెండుమాటలు. 2010 నాటి విదేశీవిరాళముల నియంత్రణ చట్టము విదేశములనుండి మన దేశమునకు వచ్చు ధనమును గూర్చినది; మనము బయటికి పంపుదానిని గూర్చినది కాదు. దేశవాసియగు వ్యక్తి రిజర్వుబ్యాంకు నియమముల ననుసరించి బ్యాంకుద్వారమున విదేశమునకు దానధనము పంపవచ్చును. సంఘములకు నియమములు వేరు. ధర్మసంస్థ తన యాదాయమును విదేశమున వ్యయించినచో, ప్రత్యక్షపన్నుల కేంద్రమండలి యనుమతి లేనిదే ఆ వ్యయమునకు పన్ను మినహాయింపు దొరకదు. విదేశమున నున్న సంస్థకు నేరుగా పంపిన దాత తన యాదాయపుపన్నులో తగ్గింపును కోరజాలడు. కావున మనకిట్టి సంస్థల భారతశాఖ యున్నదేమో మొదట విచారించుట మేలు. ఫోనులో వచ్చు విన్నపములను, నిన్న పుట్టిన సంస్థల పేర్లను నమ్మకుడు. ప్రతి విపత్తు వెనుకను వంచకులు బయలుదేరుదురు.

మరియొక సంగతి. ఈ పనికే వాడవలయునని దాత గట్టిషరతు పెట్టిన, చట్టము దానిని గౌరవించును. ఆ పని తీరినపిమ్మట మిగిలిన ధనము నిలిచిపోవును, లేదా వృథాగా వ్యయమగును, లేదా మరొకదానికి మార్చుటకు న్యాయస్థానమున కెక్కవలసివచ్చును. మాకు పని దొరకును గాని విపన్నునకు ఫలము లేదు. కనుక నమ్మదగిన సంస్థను వెదకుటయందు కఠినముగ నుండుడు. నమ్మినపిమ్మట షరతులయందు ఉదారముగ నుండుడు.

కావున ఈ సభకు మా విన్నపమిది. నిధి పేర బ్యాంకులో వేరు ఖాతా తెరచి, ముగ్గురు సభ్యులను బాధ్యులను చేయుడు. విపత్తు సంభవించిన మూడుదినములలో వారు సంస్థలను పరిశీలించి, ఈ యైదు ప్రశ్నలకు దొరకిన సమాధానములను వ్రాసి మనకు చూపవలెను. ఒకటి రెండు సంస్థలకన్న నెక్కువకు పంచవలదు. చిల్లరగా చెదరినదానికి లెక్క యడుగజాలము. పంపిన యారునెలలకును, సంవత్సరమునకును జాబు వ్రాసి, వచ్చిన లెక్కను ఈ పఠనమందిరపు గోడపై పత్రికల ప్రక్కనే యంటింపుడు. లెక్క రానిచో, రాలేదని వ్రాసి యంటింపుడు. ఆ సంస్థకు మరల నీయవలదు.

కోర్టు ప్రహరీ ప్రక్కను నేడా ముసలమ్మ లేదు. ఆమెకు మేమీయవలసిన సమాధానము ఈయకుండగనే ఆమె వెడలినది. కాని ఈ సభలో రేపు పళ్లెము త్రిప్పినపుడు అట్టి పదిరూపాయల నోటు మరియొకటి తప్పక పడును. ఆ నోటిచ్చినవారు వచ్చి యడిగిననాడు గోడమీది కాగితమును చూపగలిగినచో మన నిధి ధర్మనిధి. చూపజాలనిచో, ఎంత వసూలైనను, మనము వారికి ఋణపడినవారమే.